షెటికాంప్‌లో రెండు రాత్రులు

కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రంలోని హాలిఫాక్స్ నుంచి షెటికాంప్ అనే ఈ చిన్న ఊరికి మధ్యలో ఆగుతూ ఐదు గంటల పైనే పట్టింది. కేప్ బ్రెటన్ దీవి పడమటి తీరం వెంబడి ఉత్తరానికి పోతుంటే ఒకచోట నుంచి ఇళ్ళ ముందు జెండాలు మొదలయ్యాయి. నీలం, తెలుపు, ఎరుపు పట్టీలు, నీలం మీద పసుపు నక్షత్రం. అకేడియన్ల జెండా అది. 1755లో మొదలుపెట్టి బ్రిటిష్‌వాళ్ళు నోవా స్కోషియా నుంచి తరిమేసిన ఫ్రెంచ్ కుటుంబాల వారసులు వీళ్ళు.

చాలామంది ఇక్కడ పెట్రోలు కొట్టించుకుని నేరుగా పక్కనే ఉన్న కేప్ బ్రెటన్ హైలాండ్స్ నేషనల్ పార్కుకి వెళ్ళిపోతారు. దయచేసి ఒక్క రోజైనా ఆగండి. చేత్తో చేసిన ఉన్ని తివాచీలు ఉండే లె త్రువా పిన్యోన్ మ్యూజియంకే సగం పూట పడుతుంది. అక్కడ ఒక పెద్దావిడ చట్రానికి బిగించిన గోనె గుడ్డలోకి చిన్న కొక్కెం దించి, కింద నుంచి ఉన్ని పోగుని పైకి లాగుతూ కూర్చుంది. ఒక్కో కన్నంలో ఒక్కో మెలిక. అరగంటలో నా బొటనవేలంత ఆకు తయారైంది. ఇదే పద్ధతిలో ఎలిజబెత్ లెఫోర్ట్ అనే కళాకారిణి చేసిన మనుషుల ముఖాలు పక్క గదిలో ఉన్నాయి. దగ్గరికి వెళ్తే గానీ ఉన్ని అని నమ్మలేం.

1893 నాటి సెయింట్ పీటర్ చర్చి కూడా చూడండి. దాని రాళ్ళని ఎదుటి దీవి నుంచి చలికాలంలో గడ్డకట్టిన నీటి మీదుగా తెచ్చారట.

మోటెల్ గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే సముద్రమే. కానీ రాత్రంతా గాలి ఈలలు వేసింది. ఇక్కడి ఆగ్నేయపు గాలిని సువెట్ అంటారు, గంటకి 200 కిలోమీటర్లు దాటిన రోజులూ ఉన్నాయి. "నిన్నటిది మామూలు గాలే" అంది ఓనరమ్మ. తిండి విషయంలో శాకాహారులకి కష్టం. చికెన్, బంగాళాదుంపలతో చేసే ఫ్రికో అనే పులుసు నాకు నచ్చింది, మా ఆవిడ మాత్రం వెంట తెచ్చిన పులిహోరతోనే సరిపెట్టుకుంది.

రెండో రాత్రి బాబుకి జ్వరం. టెన్షన్‌గా ఊళ్ళోని చిన్న ఆస్పత్రికి పరిగెత్తాం. మాతో ఇంగ్లీషులో మాట్లాడిన నర్సు, పక్కనున్న ముసలాయనతో ఫ్రెంచ్‌లోకి మారింది. ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు చెప్పాడు, ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది. మా అమ్మ హాలిఫాక్స్ వచ్చినప్పుడు "కడుపులో దేవుతోంది" అన్నదాన్ని డాక్టరుకి సరిగ్గా చెప్పలేక నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. ఇంత చిన్న ఊళ్ళో ఆ ముసలాయనకి తన భాషలో బడి, రేడియో, ఆస్పత్రి ఉన్నాయి.

కారు లేకుండా మాత్రం రావద్దు. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, ట్యాంకు ఇక్కడే నింపుకోండి. అక్టోబరు దాటితే చాలా మోటెళ్ళు మూసేస్తారు. మేం వెళ్ళిన సెప్టెంబరు మధ్యలో జనం తక్కువ, గదులు సులువుగా దొరికాయి.