పెన్ను పట్టు కుదరని వాళ్లకి హ్యాండ్ గ్రిప్పర్ వద్దు, ఫోమ్ గొట్టం ఓకే

మా నాయిన నల్లగొండలో దస్తావేజులు రాస్తాడు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో టైపు చేస్తున్నా చిత్తు ప్రతి మాత్రం ఆయన చేత్తోనే రాయాలి, లేకపోతే ఆయనకి తృప్తి ఉండదు. కొన్నాళ్లుగా రెండు లైన్లు రాసేసరికి చూపుడువేలు పెన్నుని నొక్కేసి బిగుసుకుపోతోంది, మణికట్టు లోపలికి వంగిపోతోంది. అదే చేత్తో అన్నం కలుపుతాడు, గుండీలు పెట్టుకుంటాడు, బండి నడుపుతాడు, అక్కడ ఏ తేడా లేదు. నరాల డాక్టరు చూసి రైటర్స్ క్రాంప్ అన్నారు, డిస్టోనియాలో, అంటే కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకుపోయే జబ్బులో, అదొక రకమట.

బంధువులు మాత్రం "చేతిలో బలం తగ్గింది బావా" అని తేల్చేసి, 5 నుంచి 60 కిలోల దాకా బిగించుకునే స్ప్రింగు గ్రిప్పర్ తెచ్చిచ్చారు, పైన లెక్క చూపించే మీట కూడా ఉంది. వస్తువుగా దానికి వంక పెట్టను, ప్లాస్టిక్ గట్టిది, స్ప్రింగు కిర్రుమనదు, కట్టు విప్పాక చెయ్యి నీరసపడ్డ వాళ్లకి డాక్టరు చెప్తే పనికొస్తుంది. నాయినకి మాత్రం దండగ. ఫిజియోథెరపిస్టు దగ్గర డైనమోమీటర్ (పట్టు బలం కొలిచే పరికరం) పిండించి చూస్తే ఆయన పట్టు వయసుకి తగ్గట్టే ఉంది, సమస్య బలంలో లేదు, ఎంత వాడాలో ఆ కొలతలో ఉంది.

మనం గ్లాసు ఎత్తితే వేళ్లు దాని బరువుకి, నునుపుకి తగ్గట్టు, జారకుండా పైన కాస్త అదనంగా మాత్రమే బిగిస్తాయి. 1984లో స్వీడన్‌లో జొహాన్సన్, వెస్ట్‌లింగ్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు; వస్తువు కొంచెం జారినా సెకనులో పదో వంతు కూడా పట్టకుండానే, మనకి తెలిసేలోపే వేళ్లు సర్దుకుంటాయి. రైటర్స్ క్రాంప్ ఉన్న వాళ్లు చాలామంది పెన్నుని అవసరానికి మించి నొక్కుతారు, పార్కిన్సన్స్‌లో కూడా ఆ అతిబిగింపు కనిపిస్తుంది. ఆల్రెడీ ఎక్కువ నొక్కే చేతికి ఇంకా నొక్కడం నేర్పించే వస్తువు అమ్మితే ఎట్లా?

ఫోమ్ గొట్టం సంగతి. గడియారం సెంటర్ దగ్గర సర్జికల్ షాపులో నూట యాభైకి దొరికింది, అడిగితే "చంచాకా అన్నా?" అన్నాడు, పెన్నుకని చెప్తే నవ్వాడు. పెన్నుకి తొడిగితే లావుగా, మెత్తగా ఉంటుంది, వేళ్లు దగ్గరికి ముడుచుకోవు, నాయిన అరపేజీ దాకా సాఫీగా రాస్తున్నాడు. దానికి తోడు బాల్ పెన్ను మానేసి జెల్ పెన్ను పట్టుకున్నాక కాగితం మీద నొక్కడం కూడా తగ్గింది, ఇందులో సగం పుణ్యం ఆ జెల్‌దే అని నా అనుమానం.

లోపాలు లేకపోలేదు. రంధ్రం వెడల్పు, సన్నటి పెన్ను లోపల గిరగిరా తిరుగుతుంది, టేపు చుట్టాలి. మే నెలలో మన ఎండలకి చెమట పీల్చి కంపు కొడుతుంది, ఉతికితే ఆరడానికి చాలాసేపు. నల్లది కొనండి, తెల్లది వారానికే సిరా మయం.

దీంతో జబ్బు నయం కాదు, ఆ ఆశతో కొనకండి. డాక్టరు బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే బొటులినమ్ ఇంజెక్షన్ గురించి కూడా చెప్పారు, దాని ప్రభావం సుమారు మూడు నెలలేనట, నాయిన ఇంకా ఊ అనలేదు. గ్రిప్పర్‌కి ఒక స్టార్, ఫోమ్‌కి నాలుగు. గ్రిప్పర్ కొత్తదే ఉంది, నల్లగొండలో ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇస్తా.