గట్టు తెంపాలా, ఊరుకోవాలా?

ముసురు పట్టి మురుగు కాలువ ఎగదన్నితే కోనసీమ రైతుకు వచ్చే చిక్కే ఇది. మన చేను మునిగింది. పారతో గట్టు కాస్త తెంపితే నీళ్ళు పోతాయి. పోయేది మాత్రం పక్కాయన చేలోకి.

ఖర్చు: తెంపితే మన ఊడ్పు దక్కుతుంది, ఆయనది పోతుంది. ఊరుకుంటే మనదే పోతుంది.

శ్రమ: తెంపడం పది నిమిషాల పని. ఊరుకుంటే రాత్రంతా టెన్షన్.

రిస్క్: తెంపితే తెల్లారేసరికి రచ్చబండ దగ్గర తగువు. ఊరుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు. అలాగని ఊరుకోవడం ఎప్పుడూ తప్పు కాదనలేం. మన తూముకి గుర్రపుడెక్క కలుపు అడ్డుపడి ఆయన చేను మునుగుతుంటే, గొడుగేసుకుని చూస్తూ నించుని "నేనేం చేశాను?" అంటే నేనొప్పుకోను.

వంగడం: ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. వేసింది స్వర్ణ సబ్-1 రకం వరి అయితే దాదాపు రెండు వారాల ముంపుకి తట్టుకుంటుంది. ఆగొచ్చు. మామూలు స్వర్ణకి అంత ఓపిక లేదు.

పోయేది పంటే అయితే గట్టు జోలికి పోకండి, డెక్క తీయండి. నీళ్ళు ఇంట్లోకొచ్చి, మంచం మీద ముసలావిడ ఉంటే మాత్రం ముందు పక్కాయన్ని లేపి చెప్పి, ఇద్దరూ కలిసి తెంపండి.