ఆరేళ్లుగా అంకి: గ్రూప్స్ చదువు నుంచి డిపార్ట్‌మెంటల్ టెస్టుల దాకా

2019 వేసవిలో గ్రూప్స్ పరీక్షలకు చదవడం మొదలుపెట్టినప్పుడు నా దగ్గర నాలుగు లాంగ్ నోట్‌బుక్కులూ, ఒక కోచింగ్ సంస్థ యాప్‌కు ఏడాది చందా ఉండేవి. చందా గడువు ముగిసిన మర్నాడే, పాఠాలతో పాటు వాటి పక్కన నేను రాసుకున్న గుర్తులు కూడా తెరుచుకోవడం మానేశాయి. నోట్‌బుక్కులు నా దగ్గరే ఉన్నా, మూడోది నింపేసరికి మొదటిదాంట్లో ఏం రాశానో గుర్తుండేది కాదు. ఆ దశలో పట్టుకున్న అంకి యాప్‌ను జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా వదల్లేదు.

అంకి అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం. డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన ఈ ప్రోగ్రాంలో పాఠాలు ఉండవు, ఉపాధ్యాయులు ఉండరు. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే కార్డులను మనమే రాసుకోవాలి. జవాబు మనసులో చెప్పుకుని, కార్డు తిప్పి చూసి, ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అన్న నాలుగు బటన్లలో ఒకటి నొక్కితే, ఆ కార్డు మళ్లీ ఎన్నాళ్లకు కనపడాలో యాప్ లెక్క వేస్తుంది. సరిగ్గా చెప్పిన కార్డు ప్రతిసారీ ఇంకొంచెం దూరం జరుగుతుంది, తప్పు చెప్పినది వెంటనే తిరిగి వస్తుంది. కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం, ఐఫోనుకు మాత్రం కొనుక్కోవాలి. కార్డులన్నిటినీ ఒకే ఫైలుగా మన దగ్గర దాచుకోవచ్చు. చందా అనుభవం తర్వాత నన్ను అన్నిటికన్నా ఆకర్షించింది ఈ సంగతే.

మొదటి మూడు వారాలు వృథా చేసుకున్నాను, అందుకు నా బద్ధకమే కారణం. ఎవరో తయారుచేసి పెట్టిన నాలుగు వేల కార్డుల కట్టను దించుకుని, చదవని పాఠాలకు జవాబులు వల్లె వేయబోయాను. అర్థం కాని విషయాన్ని ఎన్ని విరామాలతో చూపించినా అది బుర్రకెక్కదు. ఆ కట్టను తీసేసి, పుస్తకం చదివి మూసిన తర్వాతే కార్డు రాయాలన్న నియమం పెట్టుకున్నాక గానీ ఈ యాప్ వల్ల ఉపయోగమేమిటో తెలియలేదు.

కార్డు రాయడం కూడా ఒక విద్యే. నా తొలి కార్డుల్లో ఒకటి ఇలా ఉండేది: "73, 74వ రాజ్యాంగ సవరణల గురించి రాయండి." జవాబు వైపు ఎనిమిది పంక్తులు. సగం చెప్పగలిగినప్పుడు ఏ బటన్ నొక్కాలో తెలియక హార్డ్ నొక్కేదాన్ని. గుర్తు లేని జవాబుకు హార్డ్ నొక్కితే యాప్ దాన్ని గుర్తున్నట్టే లెక్కిస్తుందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అదే కార్డును తర్వాత ఆరు ముక్కలు చేశాను: పంచాయతీలకు సంబంధించిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న, పట్టణ స్థానిక సంస్థలకు సంబంధించిన 74వది అదే ఏడాది జూన్ 1న, 11వ షెడ్యూలులో 29 అంశాలు, 12వ షెడ్యూలులో 18, ఇలా. అయినా ఆ తేదీలు రెండూ ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చునేవి. ఎనిమిదిసార్లు మరిచిపోయిన కార్డుకు అంకి లీచ్, అంటే జలగ, అని ముద్ర వేస్తుంది. పేరు భలే కుదిరింది. అటువంటి కార్డు నిజంగానే సమయాన్ని పీల్చేస్తుంది. పంచాయతీలు ముందు, పట్టణాలు తర్వాత, ఏప్రిల్ ముందు, జూన్ తర్వాత అని రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే ఏడో కార్డు రాసేదాకా ఆ జలగ వదల్లేదు.

వాక్యంలో ఒక మాటను ఖాళీగా ఉంచి ప్రశ్న వేసే పద్ధతి కూడా ఉంది. తెలుగులో దీనితో ఒక తిరకాసు ఉంది. "గణపతిదేవుని తర్వాత ఓరుగల్లును ______ పాలించింది" అని రాసుకుంటే, ఆ "పాలించింది" అన్న క్రియే రుద్రమదేవిని పట్టి ఇచ్చేస్తుంది. నేను చరిత్రను గుర్తు తెచ్చుకోవడం లేదని, వ్యాకరణాన్ని చదువుతున్నానని గ్రహించడానికి నెలలు పట్టింది. ఇప్పుడు అటువంటి వాక్యాలను "గణపతిదేవుని తర్వాత ఓరుగల్లు పాలన ఎవరి చేతికి వచ్చింది?" అన్న తీరులో రాసుకుంటున్నాను.

రోజుకు 20 కొత్త కార్డులన్నది యాప్ మొదట ఇచ్చే అమరిక. చూడ్డానికి తక్కువే అనిపిస్తుంది గానీ, రెండు నెలలు గడిచేసరికి నాకు రోజూ 150కి పైగా పాత కార్డులు ఎదురు చూస్తుండేవి. చెల్లెలి పెళ్లికి 18 రోజులు ఫోను ముట్టుకోలేదు. తిరిగి తెరిచిన రోజు 2,100 కార్డులు కనిపించాయి. "అక్కా, నీ ఫోను నీకే అప్పులవాడిలా తయారైందే" అని మా తమ్ముడు ఎగతాళి చేశాడు. కొత్త కార్డులు పూర్తిగా ఆపి, రోజుకు 200 చొప్పున తీర్చడానికి రెండు వారాలకు పైగా పట్టింది. అప్పటినుంచి కొత్తవి రోజుకు ఎనిమిదికి మించనివ్వడం లేదు.

2023 చివర్లో వచ్చిన మార్పు చెప్పుకోదగ్గది. అంతవరకు అంకి నడిచింది, పోలండ్ పరిశోధకుడు పియోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన, కార్డుల మధ్య విరామాలు నిర్ణయించే ఎస్ఎం-2 లెక్క ఆధారంగా. కొత్తగా చేర్చిన ఎఫ్ఎస్ఆర్ఎస్ అన్న పద్ధతి మన పాత జవాబుల చరిత్రను చదివి, ఎవరి మరుపుకు తగ్గట్టు వారికి విరామాలు కడుతుంది. ఎంత శాతం గుర్తుండాలో మనమే చెప్పవచ్చు. మామూలుగా అది 90. ఒక పరీక్షకు ముందు అత్యాశతో 95కు పెంచాను. రోజువారీ కార్డులు దాదాపు రెట్టింపయ్యాయి, రాత్రి పదకొండు దాటినా తరగలేదు. వారానికే 90కి దిగాను. ఆ అంకె దగ్గర పాత లెక్కకన్నా తక్కువ కార్డులతో పని జరుగుతున్నట్టు నా అనుభవం.

ఇది దేనికి పనికిరాదో కూడా చెప్పాలి. మెంటల్ ఎబిలిటీ లెక్కలకు కార్డులు రాసి చూశాను. లెక్క గుర్తుండిపోయింది, చేయడం రాలేదు. వ్యాసాలకు తేదీలూ అంకెలూ అందిస్తుంది గానీ, వాటిని వాదనగా అల్లడానికి కాగితం మీద చేయి తిరగాల్సిందే. ఉద్యోగంలో చేరాక రాసే డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో పుస్తకాలు అనుమతించని పేపర్లకు అంకి నాకు బాగా అక్కరకొచ్చింది. పుస్తకాలు అనుమతించే పేపర్లకు మాత్రం కార్డులు రాయను. ఏ నియమం ఏ అధ్యాయంలో ఉందో వెతుక్కునేందుకు కోడ్ పుస్తకం అంచున రంగు చీటీలు అంటించుకుంటాను.