టామ్ అండ్ జెర్రీ పాత డీవీడీలు: రెండొందల యాభైకి ఏమొచ్చింది

మొన్నో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కుందామని వెళ్లి, పుస్తకం ఒక్కటీ కొనకుండా టామ్ అండ్ జెర్రీ డీవీడీల సెట్టు పట్టుకొచ్చాను. మూడు డిస్కులు, అట్టపెట్టె ఒక మూల చిరిగింది. చెప్పింది నాలుగొందలు, ఇచ్చింది రెండొందల యాభై. గొప్ప బేరం చేశానని మురిసిపోతూ ఇంటికొస్తే మా ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు, "ప్లేయర్ ఉందా మనకి?" అని. నాకు ఆ సంగతే తట్టలేదు.

ఉందండీ, అటక మీద. దుమ్ము దులిపి ప్లగ్గు పెడితే లైటు కూడా వెలిగింది. తీరా చూస్తే ఆ ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు పెట్టడానికి కొత్త టీవీ వెనక చోటే లేదు. వాటిని హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది, అది విడిగా కొనాల్సి వచ్చింది, దానికి డీవీడీలకంటే ఎక్కువైంది. మీరూ కొనాలనుకుంటే ఈ లెక్క ముందే వేసుకోండి.

ఇక సరుకు సంగతి. ఇందులో ఉన్నవన్నీ అసలు సిసలు పాతవే, అంటే విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఇద్దరూ ఎంజీఎం స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా తీసిన 114 కార్టూన్లలోంచి ఏరినవి. ఇది ఎందుకు చెప్తున్నానంటే టామ్ అండ్ జెర్రీ పేరుతో తర్వాత వేరేవాళ్లు తీసినవీ చాలా ఉన్నాయి. 1961, 62లో జీన్ డైచ్ అనే ఆయన ప్రాగ్‌లో తీసిన పదమూడింటిలో శబ్దాలన్నీ గుహలోంచి వచ్చినట్టుంటాయి, టామ్ మొహం కూడా తేడాగా ఉంటుంది. చిన్నప్పుడు అవి వస్తే "ఇది మన టామ్ కాదు" అని బయటికి ఆడుకోవడానికి పోయేవాళ్లం. ఎవరూ చెప్పకుండానే ఎలా పసిగట్టామో!

మాది పాలకొల్లు. తొంభైల్లో మా వీధికి కేబుల్ వచ్చే నాటికి ఇంట్లో ఎవరికీ హిందీ రాదు, నాకు ఇంగ్లీషంటే స్కూల్లో రైమ్స్ వరకే. ఆదివారం డీడీలో మోగ్లీ వచ్చేది, డక్ టేల్స్ వచ్చేది, రెండూ హిందీలోనే. మోగ్లీ టైటిల్ పాట అర్థం తెలియకుండానే గొంతు చించుకుని పాడేవాళ్లం, కథ మాత్రం మా అన్నయ్య చెప్పాలి. వాడు చెప్పిన దాంట్లో సగం సొంత కవిత్వమని నాకు కాలేజీకి వచ్చాక గానీ తెలియలేదు. తర్వాత 1995లో మన దేశానికి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది, అది మొదట్లో ఇంగ్లీషు. స్కూబీ డూలో ఆఖర్న దయ్యం ముసుగు తీసి, ఎవడు ఎందుకు చేశాడో అంత సేపు వివరిస్తారు కదా, మా ఇంట్లో అదంతా వృథా. టామ్ అండ్ జెర్రీకి ఆ బాధ లేదు. మా మామ్మ, నేను, అన్నయ్య ఒకే చోట ఒకేసారి నవ్విన ప్రోగ్రాం అదొక్కటే. తెలుగులో మాట్లాడే కార్టూన్లు ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చాయి, మాకు మాత్రం నోరు మెదపని ఈ పిల్లే తెలుగు పిల్లి.

అందుకే యూట్యూబ్‌లో దీనికి సినిమా డైలాగులు అతికించిన వీడియోలు చూస్తే నాకు చిరాకు. ఇందులో మాటల పని సంగీతం చేస్తుంది. స్కాట్ బ్రాడ్లీ అనే ఆయన చేశాడు, టామ్ మునివేళ్ల మీద నడిస్తే అడుగడుగుకీ ఒక స్వరం పలుకుతుంది, మెట్ల మీంచి దొర్లితే వాద్యాలన్నీ కలిసి దొర్లుతాయి. తోక తలుపు సందులో పడ్డప్పుడు వచ్చే ఆ గావుకేక హన్నా సొంత గొంతట, అది తెలిసినప్పటి నుంచీ ఆ కేక వినపడగానే స్టూడియోలో ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి అరవడమే కళ్లముందు కనిపిస్తోంది.

నీతులు అంటారా, చిన్నప్పుడు నాకు తట్టింది "చిన్నవాళ్లు తెలివితో గెలుస్తారు" అని, అంతే. మామ్మ అప్పుడే ఒప్పుకునేది కాదు. "ఎలక్కి ఎంత పొగరు చూడవే, నిద్రపోతున్న దాన్ని లేపి మరీ కొట్టించుకుంటుంది" అని పిల్లి వైపే మాట్లాడేది. ఇప్పుడు మా ఏడేళ్ల అమ్మాయి కూడా అదే అడిగింది, "అమ్మా, ఎలకని పట్టడం టామ్ డ్యూటీ కదా, మరి వాడిదేం తప్పు?" అని. నిజంగానే చాలా వాటిలో గొడవ మొదలుపెట్టేది జెర్రీయే. నలభై దగ్గర పడ్డాక చూస్తుంటే నేనూ పూర్తిగా టామ్ పార్టీ. ఇంటి ఆవిడ అరుస్తుంది, కుక్క కొడుతుంది, ఎలక ఏడిపిస్తుంది, అయినా మర్నాడు మళ్లీ డ్యూటీ ఎక్కుతాడు పాపం.

1944లో తీసిన ఒకదాంట్లో టామ్‌కి పది లక్షల డాలర్ల ఆస్తి రాసి ఉంటుంది, షరతు ఏంటంటే ఏ ప్రాణికీ, ఎలక్కి కూడా, హాని చేయకూడదు. జెర్రీకి ఆ కాగితం చిక్కుతుంది, ఇక చూడండి వాడి వేషాలు. చివరికి టామ్ ఆస్తి పోతే పోయిందని తిరగబడతాడు, పైగా డబ్బు పోతోంది గానీ హాయిగా ఉందని నోరు తెరిచి చెప్తాడు. ఉద్యోగం మానేయాలా వద్దా అని లెక్కలేసుకునే వాళ్లు ఈ ఒక్కటీ చూస్తే చాలు. ఇంకోటి 1948ది. పిల్లి, ఎలక, కుక్క ముగ్గురూ శాంతి ఒప్పందం రాసుకుని సంతకాలు పెడతారు. ఎంత బాగా ఉంటారో! అంతలో దారిన పోయే బండిలోంచి పెద్ద మాంసం ముక్క పడుతుంది, వాటాల దగ్గర పేచీ వస్తుంది, ముక్కా పోతుంది, కాగితమూ చిరుగుతుంది. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు పెట్టిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తొస్తుంది, మా దగ్గర మాంసం ముక్క బదులు కారు పార్కింగు.

మొదట్లో పేర్లు పడేటప్పుడు ఫ్రెడ్ క్వింబీ అని వస్తుంది, గుర్తుందా? నేను ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివిన తొలి పేర్లలో అదొకటి, బొమ్మలన్నీ ఆయనే గీశాడనుకునేదాన్ని. ఆయన నిర్మాత. ఈ సిరీస్‌కి ఏడు ఆస్కార్లొస్తే స్టేజీ ఎక్కి తీసుకున్నది ఆయనే, హన్నా, బార్బెరాలు కాదు. ఐటీలో పదిహేనేళ్లుగా చేస్తున్నాను కాబట్టి దీని మీద ఇంతకన్నా ఏం మాట్లాడను.

పిల్లలకి చూపించే ముందు ఒక మాట. కాళ్లు మాత్రమే కనిపించే ఆ ఇంటి ఆవిడ నల్లజాతి పనిమనిషి. ఆవిడ మాట, నడక అంతా అప్పటి అమెరికా తెల్లవాళ్లు నల్లవాళ్లని వెక్కిరించిన పద్ధతిలోనే ఉంటాయి. బాంబు పేలి మొహం మసి అయ్యే జోకులు కొన్నిటి సంగతీ అంతే. 1960లలో టీవీ కోసం కొన్నిటిలో ఆవిడని తీసేసి తెల్లమ్మాయిని గీశారట, అది ఇంకో ఘోరం. మా పాపకి నాకు తెలిసినంతలో చెప్పాను. అంతా విని "మరి ఆవిడ మొహం ఎందుకు చూపించరు?" అంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

బొమ్మ క్వాలిటీ ఫరవాలేదు. పెద్ద టీవీలో కాస్త మసకగా ఉంటుంది, రెండు పక్కలా నల్ల పట్టీలొస్తాయి, బొమ్మని సాగదీసి ఆ పట్టీల్ని నింపొద్దు, టామ్ లావైపోతాడు. మొదటి రెండు డిస్కులు చక్కగా ఆడాయి. మూడోదాని మీద ఇంత పొడుగు గీత, అమ్మినతను అస్సలు చెప్పలేదు, నేనూ తీసి చూసుకోలేదు. అందులోనే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఉంది, 1949ది. టామ్ పియానో కింద పడి చచ్చిపోయి పైకి వెళ్తాడు, జెర్రీ చేత క్షమించినట్టు సంతకం పెట్టించుకుని గంటలో తిరిగి రాకపోతే నరకమే అంటారు. సరిగ్గా కాగితం పట్టుకుని బతిమాలే దగ్గర బొమ్మ ఆగిపోయింది. తుడిచాం, ఊదాం, మళ్లీ పెట్టాం, ఊహూఁ. మిగతాది నేనే పియానో, రైలు, నరకంలో కుక్క అన్నీ నటించి చెప్పాల్సి వచ్చింది. మా అన్నయ్య దగ్గర నేర్చుకున్న విద్య ఊరికే పోలేదు, కొంచెం సొంత కవిత్వం కూడా కలిపాను. మా పాపకి నమ్మకం కుదరలేదు, పడుకునే ముందు కూడా "నిజంగా సంతకం పెట్టాడా?" అని అడిగింది.

రెండొందల యాభైకి రెండు మంచి డిస్కులు, ఐదుకి నాలుగు ఇస్తున్నాను. వచ్చే ఆదివారం మూడో డిస్కు పట్టుకుని, పాపని కూడా తీసుకుని మళ్లీ ఆబిడ్స్ వెళ్తున్నా. అతను మార్చి ఇస్తాడన్న ఆశేం లేదు, కనీసం ఇంకో రెండు కార్టూన్ డిస్కులు తక్కువకి ఇస్తాడేమో అడగాలి.