మోచేతి పట్టీ, రబ్బరు కడ్డీ: బరువైన లూర్లు విసిరేవాళ్లు ముందు ఏది కొనాలి?

చేపల వేటలో బరువైన లూర్లు (కృత్రిమ ఎరలు) విసిరి విసిరి మోచేయి నొప్పి తెచ్చుకున్నవాళ్లకు ఈ మాట. నొప్పి చేతికి కట్టే పట్టీ, మెలితిప్పి వ్యాయామం చేసే రబ్బరు కడ్డీ, ఈ రెండిట్లో ఒక్కటే కొనగలిగితే కడ్డీ కొనండి. పట్టీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు పట్టీ కొంటారు, దాన్ని సరిగ్గా నొప్పి పుట్టే ఎముక మీదే బిగిస్తారు, కాస్త తెరిపి ఇవ్వగానే మళ్లీ 150 గ్రాముల స్విమ్‌బెయిట్ (చేపలా ఈదే ఎర) కడతారు. పట్టీ ఆ పూట గడిపేస్తుంది, అంతే. దెబ్బతిన్న టెండన్‌కి, అంటే కండరాన్ని ఎముకకు అతికించే నారకి, బలం తెచ్చేది కడ్డీ.

అసలు నొప్పి ఎటువైపో ముందు తేల్చుకోవాలి. మోచేయి బయటివైపు పొడుచుకొచ్చిన ఎముక దగ్గరైతే అది టెన్నిస్ ఎల్బో. పేరే గానీ, రాకెట్ ముట్టని వాళ్లకే ఇది ఎక్కువ. మణికట్టును వెనక్కి లేపే కండరాలు ఆ ఎముకకే అతుక్కుని ఉంటాయి. రాడ్‌ని గట్టిగా పట్టుకున్నప్పుడల్లా మణికట్టు ముందుకు వాలిపోకుండా ఆపేవి అవే. కాబట్టి భారం విసిరే క్షణంలోనే పడుతుందనుకోకండి. పెద్ద బ్లేడ్ల బక్‌టెయిల్‌ని (నీళ్లలో గిర్రున తిరిగే రేకులు, వెంట్రుకల తోక ఉన్న ఎర) రీల్‌తో చుట్టుకుంటూ వచ్చినంతసేపూ ఆ కండరాలు బిగుసుకునే ఉంటాయి. లోపలివైపు ఎముక దగ్గర నొప్పైతే గోల్ఫర్స్ ఎల్బో. రాడ్ కొనని కిందికి కొట్టి కొట్టి జెర్క్‌బెయిట్ (కుదుపులతో కదిలించే ఎర) ఆడించే చేతికి ఇదీ రావచ్చు.

తేల్చుకోవడం కష్టం కాదు. చేయి ముందుకు చాపి, అరచేయి కిందికి ఉండేలా నీళ్ల సీసాని పట్టి ఎత్తండి. బయట కలుక్కుమంటే మొదటిది. అరచేయి పైకి తిప్పి ఎత్తినప్పుడు లోపల లాగితే రెండోది. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం అది నరం వ్యవహారం. మోచేయి వాచినా, పూర్తిగా చాపలేకపోయినా, మెడ నుంచి నొప్పి పాకుతున్నా కూడా, ఈ రెండు వస్తువులూ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.

ఇక పట్టీ. కొనేటప్పుడు వెడల్పు చూడండి. అరచేయంత వెడల్పున్నది వద్దు, మూడు వేళ్ల వెడల్పు చాలు. లోపల ఒకే చోట నొక్కే మెత్తటి దిండు ఉండాలి. జెల్ అయినా, గాలి దిండైనా, ఫోమ్ అయినా పనిలో పెద్ద తేడా లేదు. వెల్‌క్రో మాత్రం ఒంటి చేత్తో లాగి అతికించేలా ఉండాలి, లేకపోతే పడవలో ఇంకొకరి సాయం అడగాల్సి వస్తుంది.

పెట్టాల్సిన చోటు ఎముక మీద కాదు. ఆ ఎముక నుంచి మణికట్టు వైపు రెండు మూడు వేళ్ల దూరం కిందికి రండి. పిడికిలి బిగించి మణికట్టు వెనక్కి వంచితే అక్కడ కండ ఉబ్బుతుంది. దిండు దాని మీద కూర్చోవాలి. కండర లాగుడులో కొంత భాగాన్ని పట్టీ అక్కడే పట్టి ఉంచితే టెండన్ మొదలు మీద బరువు తగ్గుతుంది, అదీ దీని కిటుకు. చేయి వదులుగా ఉన్నప్పుడు పట్టీ కింద ఒక వేలు దూరాలి, పిడికిలి బిగిస్తే గట్టిగా తగలాలి. బొటనవేలి వెనక చర్మం మొద్దుబారినా, చేతి వేళ్లు ఉబ్బినట్టున్నా ఎక్కువ బిగించారని అర్థం. విసిరే గంటల్లోనే కట్టుకోవాలి. పడుకునేటప్పుడు తీసేయాలి, విరామంలోనూ వదులు చేయాలి.

లోపాలు లేకపోలేదు. తడిసిన పట్టీ జారుతుంది, జారితే తిన్నగా మణికట్టు వైపు పోయి దిండు పనికిరాని చోట చేరుతుంది. రెయిన్‌కోట్ చేతి కింద అది కనపడదు కాబట్టి జారిన సంగతే తెలియదు. ఇసుక, ఉప్పునీరు పట్టిన వెల్‌క్రో కొన్నాళ్లకు అతుక్కోదు. మంచినీటిలో కడిగి ఆరబెడితే కొంత కాలం వస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, ఇది పనిచేయడమే. నొప్పి తగ్గేసరికి ఇంకో వంద కాస్టులు (విసుర్లు) పడతాయి.

కడ్డీ సంగతి వేరు. బాగా వాడుకలో ఉన్నది థెరాబ్యాండ్ ఫ్లెక్స్‌బార్, సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న గట్టి రబ్బరు. రంగుని బట్టి గట్టిదనం మారుతుంది. వంచడానికి కంపెనీ చెప్పే బలం ఎరుపుకి సుమారు 4.5 కిలోలు, ఆకుపచ్చకి 7, నీలానికి 11. ఎరుపుతో మొదలుపెట్టండి. రోజూ పెద్ద రాడ్లు పట్టే చేతులకు ఎరుపు చిన్నపిల్లల ఆటవస్తువులా అనిపించి చాలామంది నేరుగా నీలం కొంటారు. మూడో రోజుకి నొప్పి రెట్టింపవుతుంది. కండ బలం వేరు, దెబ్బతిన్న టెండన్ ఓర్పు వేరు.

బయటివైపు నొప్పికి చేసే పద్ధతిని ఫిజియోథెరపిస్ట్ టిమొతీ టైలర్ పేరుతో టైలర్ ట్విస్ట్ అంటారు. నొప్పి ఉన్న చేత్తో కడ్డీని నిలువుగా పట్టుకుని మణికట్టుని పూర్తిగా వెనక్కి వంచండి. రెండో చేత్తో పై కొసని, అరచేయి మీకు అవతలివైపు ఉండేలా పట్టుకోండి. నొప్పి చేతి మణికట్టు కదలకుండా ఉంచి, మంచి చేత్తోనే కడ్డీని మెలితిప్పండి. ఆ మెలి వదలకుండా రెండు మోచేతులూ చాపి కడ్డీని ముందుకు అడ్డంగా తీసుకురండి. ఇప్పుడు నొప్పి చేతి మణికట్టుని మెల్లగా ముందుకు వంగనిస్తూ మెలి విప్పండి. ఇందుకు 4 సెకన్లు పట్టాలి. మంచి చేయి ఉన్నచోటే ఉంటుంది. ఇలా 15 సార్లు, రోజుకి 3 విడతలు.

పని జరిగేదంతా ఆ 4 సెకన్లలోనే. కండరం సాగుతూ బరువుని ఆపుతుంది, టెండన్‌కి కావలసింది అదే. తప్పులు కూడా ఇక్కడే జరుగుతాయి. కడ్డీని చటుక్కున విడిచిపెట్టడం ఒకటి. నొప్పి చేత్తోనే మెలితిప్పడం ఇంకొకటి, దాంతో వ్యాయామం మొత్తం తలకిందులవుతుంది. మోచేతులు వంచి ఉంచడం మూడోది. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి ఉండొచ్చు, పళ్లు బిగించాల్సినంత ఉండకూడదు. 15 సార్లూ ఏమాత్రం నొప్పి లేకుండా పూర్తవుతుంటే ఆకుపచ్చకి మారండి. లోపలివైపు నొప్పికీ ఇదే కడ్డీ, దిశ ఒక్కటే తిరగబడుతుంది. నొప్పి చేతి మణికట్టు ముందుకు వంగి మొదలై మెల్లగా వెనక్కి తెరుచుకోవాలి.

వారంలో ఫలితం అడగకండి. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి, టెండన్ల లెక్క అదే. కడ్డీకి కొత్తలో రబ్బరు వాసన ఉంటుంది, చేతులు చెమట పడితే జారుతుంది. ఇంతకు మించి ఫిర్యాదు లేదు.

మోచేయి మొత్తాన్ని కప్పే తొడుగులు వెచ్చగా, హాయిగా ఉంటాయి, టెండన్ మీద బరువు మాత్రం తగ్గించవు. పూత మందులు కూడా ఆ పూటకే. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు అద్భుతంగా ఉంటుంది కానీ, ఏడాది చివర చూస్తే వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. సీజన్ మధ్యలో దానికి ఆశపడే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

ఎన్ని కొన్నా విసిరే తీరు మారకపోతే దండగే. 227 గ్రాముల లూర్‌ని 170 గ్రాముల వరకే అని రాసున్న రాడ్‌తో విసిరితే, రాడ్ చేయాల్సిన పని మోచేయి చేస్తుంది. పిడి వెనక భాగం పొడుగ్గా ఉన్న రాడ్ తీసుకోండి. కింది చెయ్యి పిడిని ఛాతీ వైపు లాగాలి, పై చెయ్యి ఇరుసులా ఊరికే పట్టి ఉంచాలి. పై చేత్తో నెట్టేవాళ్లకే నొప్పి త్వరగా వస్తుంది. లూర్ రాడ్ కొన నుంచి అర మీటరు వేలాడాలి, అప్పుడు కుదుపు లేకుండా రాడ్ వంగుతుంది. కాస్ట్ మధ్యలో బ్యాక్‌లాష్ పడి, అంటే రీల్‌లో లైన్ చిక్కుపడి, ఠక్కున ఆగితే ఆ గుద్దంతా చేతికే తగులుతుంది, కాబట్టి బరువు మార్చినప్పుడల్లా రీల్ బ్రేక్ సరిచేసుకోండి.

రీల్ కూడా. పెద్ద బ్లేడ్లని 7:1 రీల్‌తో (హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే లైన్ చుట్టుకునే స్పూల్ ఏడు చుట్లు తిరిగేది) లాగడం కన్నా 5.3:1 రీల్, పొడవైన హ్యాండిల్, లావు నాబ్ సుఖం. వేగం తగ్గుతుంది నిజమే, చేప దాన్ని పట్టించుకునే రోజులు తక్కువ.

సీసా పరీక్షలో నొప్పి లేనప్పుడు మళ్లీ మొదలుపెట్టొచ్చు. మొదట 30, 40 గ్రాముల లూర్లతో అరగంట. విసిరేటప్పుడు ఎలా ఉందన్నది కాదు, మర్నాడు ఉదయం తలుపు గడియ తిప్పేటప్పుడు ఎలా ఉందన్నది చూడండి. అక్కడ నొప్పి లేకపోతేనే బరువు పెంచాలి. కడ్డీని ఎండలో, వేడెక్కిన కారులో వదలకండి. రబ్బరు పగుళ్లు వేస్తుంది, మెలిలో తెగితే ముఖానికే తగులుతుంది.