మోటర్‌హోమ్ పైకప్పు ఏసీ: మరమ్మతు నుంచి మార్పిడి దాకా, కొన్ని వేసవుల అనుభవం

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల నివసిస్తూ వేసవి సెలవుల్లో, ఇంటి వసతులు ఉండే బండి అయిన మోటర్‌హోమ్‌లో తిరిగేవారికి పైకప్పు మీది ఏసీ అత్యవసరమైన పరికరం. జులై మధ్యాహ్నాల్లో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. అప్పుడు ఏసీ ఆగిపోతే, పలుచని గోడల బండిలో చిన్నపిల్లలనూ వృద్ధులనూ కూర్చోబెట్టడం ప్రమాదకరం. మాది 30 ఆంపియర్ల సరఫరా మీద నడిచే క్లాస్ సీ బండి, అంటే ట్రక్కు లేదా వ్యాన్ చట్రం మీద కట్టిన రకం. దానితోపాటు వచ్చిన 13,500 బీటీయూల (చల్లబరిచే సామర్థ్యానికి కొలత) ఏసీని మొదట బాగుచేయించి వాడుకున్నాం. అది పూర్తిగా చెడిపోయాక అదే సామర్థ్యం గల కొత్త ఏసీ వేయించి, కొన్ని వేసవులుగా వాడుతున్నాం. ఈ ఏసీల మంచిచెడ్డలు బ్రాండ్ పేరు కన్నా, వాటిని బిగించిన తీరు మీద, లోపలి గాలి మార్గం మీద, అందే కరెంటు మీద ఎక్కువగా ఆధారపడతాయన్నది ఇన్నాళ్ల వాడకంలో నాకు కలిగిన నిశ్చితాభిప్రాయం. అందుకే ఇక్కడ నా ఏసీ బ్రాండ్ గురించి కాక ఆ మూడింటి గురించే రాస్తున్నాను.

పాత ఏసీ మొరాయించినప్పుడు ఫ్యాన్ మామూలుగానే తిరిగేది, గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ మాత్రం కొన్ని క్షణాలు మూలిగి ఆగిపోయేది. మేము మొదట తీసుకెళ్లిన మరమ్మతు కేంద్రం వారు పైన ప్లాస్టిక్ మూత కూడా తెరవకుండానే మొత్తం మార్చాలని చెప్పి, కొత్త ఏసీకి ధర రాసిచ్చారు. బండి ఉన్నచోటికే వచ్చి పనిచేసే మరొక మెకానిక్ మూత తీసి చూస్తే, కంప్రెసర్ మొదలవడానికి విద్యుత్ ఊపునిచ్చే కెపాసిటర్ అనే భాగం పైన ఉబ్బి ఉంది. మీటరు పెట్టి కొలిస్తే, దాని మీద ముద్రించిన మైక్రోఫారడ్ల విలువకు చాలా తక్కువ చూపించింది. సాధారణంగా ఐదారు శాతం తేడా వరకు పరవాలేదు. అంతకు మించి తగ్గితే కంప్రెసర్ లేవడానికి కావలసిన ఊపు అందదు. ముప్పై డాలర్లు కూడా చేయని ఆ భాగం మార్చగానే ఏసీ మళ్లీ నడిచింది. పైకప్పు ఏసీ చల్లబరచడం లేదనగానే మార్పిడికి సిద్ధపడేవారందరికీ ముందుగా కెపాసిటర్‌ను కొలిపించమని గట్టిగా చెబుతాను. అయితే కరెంటు పూర్తిగా తీసేసినా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుదావేశం నిలిచి ఉంటుంది కాబట్టి, దాన్ని సురక్షితంగా ఖాళీ చేయడం తెలియనివారు చేయి పెట్టకూడదు.

గ్యాస్ తగ్గడం వేరే సంగతి. ఇంటి ఏసీకి ఉన్నట్లు గ్యాస్ నింపే వాల్వులు ఈ ఏసీలకు సాధారణంగా ఉండవు; గొట్టాలన్నీ కర్మాగారంలోనే శాశ్వతంగా మూసి వస్తాయి. గొట్టానికి రంధ్రం చేసి వాల్వు అతికి గ్యాస్ నింపేవారు ఉన్నారు గాని, కారుతున్న చోటు పట్టకుండా ఆ పని చేయించడం డబ్బు గాలికి వదలడమే.

మా పాత ఏసీ చివరికి కంప్రెసర్ వల్లే పోయింది. స్విచ్ వేయగానే బ్రేకర్ పడిపోవడం మొదలైంది. కంప్రెసర్ తీగచుట్టకూ దాని లోహపు పైకవచానికీ మధ్య ఉండకూడని విద్యుత్ సంబంధాన్ని మీటరు చూపించింది. ఆ ఫలితం వచ్చాక ఇక మరమ్మతు ఆలోచన అనవసరం. కంప్రెసర్ ఖరీదు, దాన్ని మార్చే కూలి కలిపితే, వెయ్యి డాలర్లకు అటూ ఇటూగా వచ్చే కొత్త ఏసీకి దగ్గరగా వస్తుంది.

కొత్తది ఎంచుకునేటప్పుడు చాలామంది ఇంకాస్త చల్లదనం కోసం 15,000 బీటీయూల వైపు మొగ్గుతారు. మాకూ అదే సలహా వచ్చింది, కాని నేను ఒప్పుకోలేదు. 30 ఆంపియర్ల సరఫరా అంటే 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు. అందులో 13,500 బీటీయూల ఏసీ నడుస్తూ ఎండ తీవ్రతను బట్టి 12 నుంచి 15 ఆంపియర్లు తీసుకుంటుంది. మైక్రోవేవ్ వేస్తే ఇంకో డజను, నీళ్ల హీటరు కరెంటు మీద పెడితే మరో డజను. పెద్ద ఏసీ వేసి వంట వేళ ప్రతిసారీ దాన్ని కట్టేయడం కన్నా, చిన్నది నిరంతరం నడవడమే ఇంట్లోవారికి సుఖం. 50 ఆంపియర్ల బండ్లకు ఈ ఇబ్బంది లేదు. వాటికి రెండు వేర్వేరు 50 ఆంపియర్ల లైన్ల మీద మొత్తం 12,000 వాట్లు అందుతాయి కాబట్టి రెండు ఏసీలైనా హాయిగా నడుస్తాయి.

డొమెటిక్, కోల్‌మన్-మాక్ వంటి అమెరికాలో బాగా కనిపించే ఏసీలన్నీ దాదాపుగా పద్నాలుగుంపావు అంగుళాల చదరపు రంధ్రానికే సరిపోతాయి. కాబట్టి కంపెనీ మారినా పైకప్పు కోయనక్కరలేదు. అయితే పై యంత్రం ఒక కంపెనీదీ, లోపలి సీలింగ్ భాగం, చల్లదనాన్ని నియంత్రించే థర్మోస్టాట్ మరో కంపెనీవీ అయితే సాధారణంగా కుదరవు. వాటిని కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

బిగింపు విషయంలో నేను ఎక్కువసేపు దగ్గరుండి చూసుకున్నాను, అది వృథా కాలేదు. ఏసీ బరువు 40 కిలోల ప్రాంతంలో ఉంటుంది. దాన్ని నిచ్చెన మీద మోసుకెళ్లడం సాహసం, యంత్రంతో ఎత్తించడమే సరైన పద్ధతి. పైకి చేరాక దాన్ని ఈడ్చకూడదు, ఎందుకంటే అడుగున ఉన్న స్పాంజి గాస్కెట్ (నీరు దిగకుండా ఆపే మెత్తటి పట్టీ) చిరిగితే అక్కడి నుంచే వాననీరు దిగుతుంది. లోపలి నుంచి నాలుగు బోల్టులను కొద్దికొద్దిగా, అన్నివైపులా సమానంగా, గాస్కెట్ సుమారు అరంగుళం మందానికి అణిగేదాకా బిగించాలి. ఎక్కువ బిగిస్తే గాస్కెట్ నలిగిపోతుంది, తక్కువైతే కారుతుంది. గాస్కెట్ మీద జిగురు పూయవద్దు. తర్వాత విప్పేటప్పుడు పైకప్పు పొర కూడా దానితో ఊడివస్తుంది.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ నిర్లక్ష్యం చేసేది, రంధ్రం లోపలి గాలి పెట్టె. చల్లగాలి వెళ్లే అర, తిరిగివచ్చే గాలి అర పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య అడ్డు సరిగా లేకపోతే చల్లగాలి గదిలోకి రాకుండానే మళ్లీ ఏసీలోకి చేరుతుంది. కొంత పైకప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఖాళీలోకీ పోతుంది. మా బండిలో కర్మాగారం వారు అంటించిన టేపు ఊడి వేలాడుతోంది. కొత్త ఏసీ ఎక్కించే ముందే ఆ పెట్టె అంచులన్నీ అల్యూమినియం రేకు టేపుతో మూయించాను. గుడ్డ టేపు వేడికి నిలవదు. వెనుక పడకగదికి గాలి అందడంలో వచ్చిన మార్పులో సగానికి పైగా ఘనత ఈ టేపుదేనని నా నమ్మకం.

ఇన్ని వేసవుల తరువాత కూడా ఏసీలోకి వెళ్లే గాలికీ, దానికి దగ్గరగా ఉన్న గాలి రంధ్రం నుంచి వచ్చే చల్లగాలికీ మధ్య 18 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటోంది. ఈ తరగతి ఏసీకి అది ఆరోగ్యకరమైన తేడా. దీని అర్థం 105 డిగ్రీల ఎండలో గది 70కి చేరుతుందని కాదు. నిండు మధ్యాహ్నం 80 దాకా వస్తే మేము తృప్తి పడతాం, చీకటి పడ్డాక బాగా చల్లబడుతుంది. గాల్వెస్టన్ వంటి సముద్రతీరంలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్ తక్కువ వేగంలో పెడితే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు కడుతుంది. ఎక్కువ వేగంలో ఉంచి, కంప్రెసర్‌తోపాటే ఫ్యాన్ కూడా ఆగే అమరికలో వాడితే గది పొడిగా ఉంటుంది.

కంప్రెసర్ మెల్లగా మొదలయ్యేలా చేసే సాఫ్ట్ స్టార్టర్‌కు పెట్టిన ఖర్చు పూర్తిగా సార్థకమైంది. మొదలయ్యే క్షణంలో కంప్రెసర్ లాగే కరెంటును అది బాగా తగ్గిస్తుంది. ఒకప్పుడు బండి అంతా అదిరేది, ఇప్పుడు మొదలైనట్లే తెలియదు. శబ్దం మాత్రం నాకు మిగిలిన పెద్ద అసంతృప్తి. తలకు పైన ఫ్యాన్ హోరు రాత్రంతా ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు వేడినైనా ఓర్చుకుంటాను గాని ఈ హోరు ఓర్చుకోలేనని ముందు గదిలో పడుకున్నారు. నిశ్శబ్దమే ముఖ్యమనుకునేవారు కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే ఇన్వర్టర్ రకం ఏసీలను పరిశీలించాలి.

వోల్టేజి గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. క్యాంపు స్థలంలో అందరూ ఒకేసారి ఏసీలు వేసే మధ్యాహ్నాల్లో 120 ఉండవలసిన వోల్టేజి బాగా పడిపోతుంది. అది 105 దిగువకు వచ్చినప్పుడు కంప్రెసర్ నడిపితే తీగచుట్ట వేడెక్కి కాలిపోవచ్చు. తక్కువ వోల్టేజిలో తనంతట తానే సరఫరా ఆపే రక్షణ పరికరాన్ని మేము కొత్త ఏసీతోపాటే కొన్నాం. అది కట్ చేసినప్పుడు విసుక్కోకుండా సాయంత్రం దాకా వేచి ఉంటాం.

ప్రతి వసంతంలో మూత తీసి కాయిల్ మీది దుమ్మును తక్కువ ధారతో కడిగి, వంగిన రేకులను దువ్వెనతో సరిచేయిస్తాను, లోపలి ఫిల్టర్‌ను ప్రయాణంలో ఉన్నప్పుడు తరచుగా ఉతుకుతాం. ప్రయాణపు కుదుపులకు బోల్టులు కొంచెం వదులవుతాయి కాబట్టి అదే సమయంలో వాటినీ చూస్తాం. ఇప్పటివరకు చుక్క నీరు లోపలికి రాలేదు. మూత ప్లాస్టిక్ మాత్రం ఎండకు పెళుసుబారుతోంది, వచ్చే వేసవికి ముందు దాన్ని మార్చవలసి ఉంటుంది.