ట్రంకేటా, ఫాలొకేటా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మా ఫొటో స్టూడియోలో ఒక లైనక్స్ సర్వర్ ఉంది. ఫైల్ సైజు మార్చడానికి దాంట్లో ట్రంకేట్ (truncate), ఫాలొకేట్ (fallocate) అనే రెండు కమాండ్లు వాడతాను.

ట్రంకేట్‌తో కొత్తగా 10 జీబీ ఫైల్ చేస్తే క్షణంలో అయిపోతుంది, కానీ అది పేరుకే 10 జీబీ. ఫైళ్ల జాబితా, సైజు చూపించే ఎల్ఎస్ (ls) కమాండ్ 10 జీబీ అని చూపిస్తుంది, డిస్క్‌లో నిజంగా వాడిన చోటు చెప్పే డీయూ (du) మాత్రం సున్నా అంటుంది. చోటు ముందే తీసుకోదు కాబట్టి, తర్వాత రాస్తున్నప్పుడు మధ్యలో డిస్క్ నిండిపోవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో నాకు అదే జరిగింది, రాత్రంతా టెన్షన్. ఫాలొకేట్ అలా కాదు, చోటు ముందే పట్టి ఉంచుతుంది. చోటు లేకపోతే అప్పుడే చెప్పేస్తుంది. వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) డిస్కులుగా వాడే ఫైళ్లకు నేను దాన్నే నమ్ముతాను.

ఉబ్బిపోయిన లాగ్ ఫైల్‌ను (ప్రోగ్రామ్‌లు ఏం జరిగిందో రాసుకునే ఫైల్) డిలీట్ చేయకుండా సున్నాకి దించాలంటే మాత్రం ట్రంకేటే. ఒక్కటే జాగ్రత్త: కోసేసిన భాగం మళ్లీ రాదు. ఫొటోల ఫైల్ మీద సైజు టైప్ చేసేటప్పుడు ఒక్క సున్నా తక్కువ పడినా బొమ్మలు పోయినట్టే.